నీలం నీళ్ళు

మూడో విడత చుక్కలు వేసి, "గంటసేపు కళ్ళు మూసుకుని కూర్చోండి, దగ్గరివేవీ కనబడవు, కంగారుపడకండి" అని చెప్పి నర్సు అవతలి కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది. కంగారెందుకు, ముప్ఫై నాలుగేళ్ళుగా కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తున్న మనిషి ఇతను, చుక్కలు పడ్డ కంటిపాప ఎంత విచ్చుకుంటుందో, మళ్ళీ ఎన్ని గంటలకి ముడుచుకుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. యాభై ఆరేళ్ళొచ్చాయి, బట్టతల వచ్చింది, అయినా వాళ్ళక్క ఇప్పటికీ చిన్నోడా అనే పిలుస్తుంది, ఆవిడ తప్ప అతన్ని ప్రేమగా పిలిచేవాళ్ళు పెద్దగా లేరు కూడా, కాబట్టి మనమూ చిన్నోడనే అందాం. చిన్నోడు కళ్ళు మూసుకున్నాడు. రెప్పల వెనక ఎర్రగా ఉంది, ఆ ఎరుపులో నల్లటి మచ్చ ఒకటి మెల్లగా కిందికి జారి మళ్ళీ పైకి లేస్తోంది, ఆ మచ్చ కోసమే ఈ రాక, రెండు నెలలుగా కుడికంట్లో తిరుగుతోంది, లోపలి పొర చూడాలన్నాడు డాక్టరు, చూసి ఏం చెప్తాడో, ఏదైనా చెప్పనీ, ఇప్పుడు మనసంతా చొక్కా జేబులో ఉంది. పొద్దున ఇంటికి తాళం వేస్తుంటే పోస్టుమాన్ ఎదురై కవరు చేతిలో పెట్టాడు. అక్క దస్తూరి. చెయ్యి వణుకుతుంది కాబట్టి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి, అయినా పోల్చుకోవడానికి ఒక్క అక్షరం చాలు. స్టాంపు వంక సరిగ్గా చూసే తీరిక లేదు, బస్సు తప్పిపోతుందని జేబులో కుక్కుకుని పరిగెత్తాడు, కంటాసుపత్రిలో కూర్చుని తీరిగ్గా చూసుకోవచ్చులే అనుకుంటే, లోపల అడుగుపెట్టగానే తల వెనక్కి వంచి మొదటి చుక్క వేసేశారు. ఇక చూడాలంటే సాయంత్రం దాకా ఆగాలి.

ఏడోది, కచ్చితంగా ఏడోదే అయి ఉంటుంది. ఈ ఏడాది తపాలా వాళ్ళు అంతరిక్ష నౌకల వరస ఒకటి వేశారు, మొత్తం ఏడు, పెద్ద సైజువి, మనిషన్నవాడు ఎక్కని నౌకలు మాత్రమే, చిన్నోడి కోసం ఎవరో పనిగట్టుకుని వేసినట్టు. నలభై ఏళ్ళుగా అతను దాచేవి అవే మరి. బంతికి నాలుగు మీసాలు పెట్టినట్టుండే మొట్టమొదటి ఉపగ్రహం, చంద్రుడి మీద దిగి రేకులు విప్పుకుని కూర్చున్నది, శుక్రుడి మీద దిగి ఆ వేడికి కాసేపు ఓర్చుకుని మాడిపోయినది, గ్రహాలన్నీ దాటేసి ఇంకా పోతూనే ఉన్న జంట. హెల్మెట్లు పెట్టుకుని చెయ్యూపే వాళ్ళ స్టాంపు అతని ఆల్బముల్లో ఒక్కటీ ఉండదు. కుక్కని ఎక్కించి పంపిన నౌక స్టాంపు ఒకసారి అక్క ఎక్కడో సంపాదించి తెచ్చిస్తే, వద్దని వెనక్కిచ్చేశాడు. "కుక్క మనిషి కాదు కదరా, పెట్టుకోరాదూ" అంది అక్క. "తిరిగి రాదని తెలిసే ఎక్కించారక్కా దాన్ని, నాకొద్దు" అన్నాడు. "అబ్బో, ఎంత జాలిగుండె" అని మూతి తిప్పి, ఆవిడ ఆ స్టాంపుని తన కుట్టుపెట్టె మూతకి లోపలివైపు అంటించుకుంది. ఖాళీ బండ్ల పిచ్చోడివిరా నువ్వు అనేది. ఖాళీ బండైతే బాధ లేదు కదా, ఎంత దూరమైనా పంపొచ్చు, కూసినంతకాలం వినొచ్చు, కూత ఆగిపోతే ఆ తారీఖు పుస్తకంలో రాసుకుని ఇంకొకటి పంపొచ్చు. ఆ మీసాల బంతి మూడు వారాలు కూసిందట, బ్యాటరీ అయిపోయాక మూగగా మరో రెండు నెలలకి పైనే తిరిగిందట. పైన అది తిరుగుతూనే ఉంది, కింద వినేవాళ్ళు లేచి ఇళ్ళకి వెళ్ళిపోయారు. చిన్నప్పుడు ఆ సంగతి చదివి రెండు పూటలు అన్నం సయించలేదు. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొస్తోందో, కళ్ళు మూసుకుంటే ఇంతే, బుర్ర ఖాళీగా ఉండదు, ఎక్కడెక్కడి చెత్తా తెచ్చి ముందు పోస్తుంది.

పక్క కుర్చీలో మనిషి గొంతు సవరించుకున్నాడు. ఇందాకే చెప్పుకున్నాడు, బస్సు డ్రైవరట, ఈ పరీక్ష పాసైతేనే మళ్ళీ స్టీరింగు పట్టుకోనిస్తారట. "మీకూ వేశారాండీ చుక్కలు" అన్నాడు.

"వేశారండి."

"ఇందాక మా ఆవిడ నన్ను దింపి ఇంటికి వెళ్తుంటే ఆవిడ మొహం కూడా మసగ్గా అయిపోయింది. ఒకందుకు హాయిగానే ఉందిలెండి" అని తనే నవ్వుకున్నాడు డ్రైవరు. ఎదురుగా వరసలో ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. చిన్నోడి చెయ్యి దానంతట అది జేబులోకి పోయి కవరుని పట్టుకుంది, బొటనవేలు కుడివైపు పైమూల వెతుక్కుని స్టాంపు మీదికి చేరింది. అద్దాలవాడి బొటనవేలు మామూలు బొటనవేలు కాదు, అరగదీసిన అద్దం అంచున వెంట్రుకవాసి గరుకున్నా పట్టేస్తుంది, కళ్ళు పోయినా ఈ వేలితో బతికేస్తావురా అని షాపు యజమాని ఎన్నిసార్లన్నాడో. ఆ వేలు స్టాంపు మీద ఆగింది. చుట్టూ చిల్లుల అంచు ఉంది, అది ఉండాల్సిందే. కానీ మధ్యలో కూడా ఉన్నాయి చిల్లులు. ఒకటి కాదు, రెండు కాదు, నడిబొడ్డున బోలెడు.

ఒళ్ళు మండిపోయింది. ఎవరు చేశారీ పని, బంగారంలాంటి స్టాంపుకి ఎవరో సూది పెట్టి పొడిచారు. ఏ కాగితమో కలిపి గుచ్చి ఉంటారు అక్క ఉంటున్న ఆ వృద్ధాశ్రమంలో, లేదా పోస్టాఫీసులో ఏ మహానుభావుడో గుండుసూది గుచ్చి ఉంటాడు. వరసలో ఆఖరిది, ఏడోది, ఇది దొరికితే పేజీ నిండుతుందని ఏడు నెలలుగా కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంటే, తీరా వచ్చేసరికి జల్లెడ. పాడైపోయిన స్టాంపుకి ఆల్బములో చోటు లేదు, అది అతని నియమం, ఆ నియమం అక్కకి తెలుసు, తెలిసిన మనిషి కాస్త చూసి పంపొద్దూ. ఇదొక్కటే కాదు, ఈ వరసంతా అంతే, ఏదో శాపం తగిలినట్టు. వచ్చిన ఆరింటినీ నీళ్ళలో వేస్తే ఆరూ రంగు కారాయి. తెల్ల పింగాణీ గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, కవరు మూలని కత్తిరించి బోర్లా వేసి ఇరవై నిమిషాలు వదిలేస్తాడు, లాగడు, గోకడు, స్టాంపు దానంతట అది కాగితాన్ని వదలాలి, తొందరపడ్డవాడు స్టాంపులు దాచడానికి పనికిరాడు. మామూలుగా జిగురు కరిగి నీళ్ళు కాస్త మబ్బుగా అవుతాయంతే. ఈ వరసలోవి మాత్రం నీలంగా మారాయి. పల్చటి నీలం, పొగలాగా స్టాంపు అడుగునుంచి వచ్చి గిన్నె అంతా పాకేది. మూడోది అంగారకుడి మీది బండి, బొమ్మంతా ఎరుపూ గోధుమే, నీలం చుక్క కూడా లేదు అందులో, దానికీ నీలమే వచ్చింది. ఎర్ర స్టాంపులోంచి నీలమెలా వస్తుంది అని ఒక్క క్షణం అనిపించింది అప్పుడు. అనిపించి, చవక అచ్చు, ఇప్పటివాళ్ళకి పనిమీద శ్రద్ధ లేదు అని తిట్టుకుని, నీళ్ళు సింకులో పారబోసి, నానిన కవరు ముక్కని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేశాడు. ఆరుసార్లూ అంతే చేశాడు. చేతిలో భూతద్దం ఉంది, పట్టకారు ఉంది, నలభై ఏళ్ళ అనుభవం ఉంది, ఒక్కసారి కూడా ఆ తడికాగితాన్ని తిప్పి చూడలేదు.

వేలు ఇంకా స్టాంపు మీదే తిరుగుతోంది. గుండుసూది పొరపాటున గుచ్చుకుంటే రెండు చిల్లులు పడతాయి, ఇన్ని పడవు. పైగా ఇవి అడ్డదిడ్డంగా లేవు. వరసగా ఉన్నాయి, దగ్గర దగ్గరగా, కాస్త దూరం పోయి వంపు తిరుగుతున్నాయి, వంపు తిరిగి మళ్ళీ మొదలుకొస్తున్నాయి. గుడ్డ మీద సుద్దతో గీసిన గీత వెంట చిన్న చిన్న కుట్లు వేసుకుంటూ పోయినట్టు. అక్క ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లలకి కుట్టుపని నేర్పిన టీచరు. చిన్నోడి వేలు అక్కడే బిగుసుకుపోయింది. అవతల నర్సు ఎవరికో చెబుతోంది, పైకి చూడండమ్మా, పైకి, రెప్ప కొట్టకండి. పైకి చూశాడు ఎవరో. గోడ గడియారం టక్ టక్ మంటోంది, హాస్టల్లో వరండాలో కూడా ఇలాంటిదే ఉండేది, దాని కిందే బల్లేసుకుని వార్డెను కూర్చునేవాడు, పిల్లల ఉత్తరాలు విప్పి ముందేసుకుని. ఇంటికి ఏం రాసినా ఆయన చదవందే పోదు. అన్నంలో పురుగులొస్తున్నాయని రాసినవాడి వీపు విమానం మోతెక్కింది. పదేళ్ళప్పుడు చిన్నోణ్ణి ఆ హాస్టల్లో వేసిన రోజు, అక్కకి అప్పుడు పందొమ్మిదేళ్ళు, గేటు దగ్గర వంగి చొక్కా గుండీలు సర్దుతున్నట్టు నటిస్తూ చెవిలో చెప్పింది. "చిన్నోడా, పైన అంతా బాగుందనే రాయి. అసలు సంగతి స్టాంపు కింద రాయి. పెన్సిల్‌తో సన్నగా రాసి, దానిమీద అంటించు. వాడు ఉత్తరం చూస్తాడు గానీ స్టాంపు ఊడదీసి చూడడు."

ఆకలి అని రాసేవాడు. అంతకంటే చోటుండేది కాదు. ఒకసారి జ్వరం అని రాశాడు. ఒకసారి కొట్టాడు అని. ఆవిడ కెటిలు మూతి దగ్గర కవరు పట్టుకుని ఆవిరికి స్టాంపు ఊడదీసి చదివేదట. చదివిన వెంటనే వచ్చిన ఆదివారం గేటు బయట నిలబడి ఉండేది, చేతిలో డబ్బా, డబ్బాలో రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, చంకలో గొడుగు. అతను రాయడం, ఆవిడ రాకపోవడం అన్నది ఒక్కసారి కూడా జరగలేదు. కొట్టాడు అని రాసినప్పుడు ఆదివారం దాకా ఆగలేదు కూడా, బుధవారమే వచ్చి వార్డెన్ని నలుగురిలో కడిగిపారేసి, తమ్ముడి పెట్టె నెత్తిన పెట్టుకుని నడిపించుకుని తీసుకుపోయింది. ఊడదీసిన స్టాంపులన్నీ డబ్బాలో వేసి దాచింది. ఖాళీ బండ్లవి మూడు ఉన్నాయి అందులో. చిన్నోడి ఆల్బములో మొదటి పేజీ ఆ మూడే. ఆ మొదటి పేజీని ఇన్నేళ్ళలో ఎన్ని వందలసార్లు తిప్పి ఉంటాడు, ఎంతమందికి చూపించి ఉంటాడు, అవి ఎందుకు ఊడదీయబడ్డాయో మాత్రం మర్చిపోయాడు. ఎలా మర్చిపోయాడు, ఎలా మర్చిపోతారు అలాంటిది.

నీలం స్టాంపులోది కాదు. ఆ మాట బుర్రలో ఎవరో పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా వినిపించింది. స్టాంపులోది కాదు, పెన్నుది. అక్కకి ఆ పెన్ను కొనిచ్చింది తనే, జెల్ పెన్ను, వణికే చేతికి నొక్కే పని లేకుండా జారుతుందని ఏరికోరి కొనిచ్చాడు, నీలం సిరా. పెన్సిల్ అయితే నీళ్ళకి పోయేది కాదు. ఆరు నెలలు, ఆరు ఉత్తరాలు, ఉత్తరంలో ఎప్పుడూ నాలుగే ముక్కలు, నేను బాగున్నాను, భోజనం బాగుంది, మేనేజరమ్మ బాగా చూసుకుంటున్నారు, స్టాంపు చూడు. ప్రతి ఉత్తరం కిందా అదే మాట, స్టాంపు చూడు. మంగళవారం వచ్చే పోస్టుమాన్ని బతిమాలి ఈ స్టాంపులు తెప్పించుకుంటోంది కదా, తమ్ముడి సరదా కోసం ఈ వయసులో ఎంత అవస్థ పడుతోందో అని మురిసిపోయాడు. చూశాడు కూడా, చూడకేం, భూతద్దం పెట్టి అంగుళం అంగుళం చూశాడు, అచ్చు చూశాడు, అంచు చూశాడు, తపాలా ముద్ర ఎక్కడ పడిందో చూశాడు. చూసి నీళ్ళలో వేశాడు.

వృద్ధాశ్రమంలో ఉత్తరాలు విప్పే ఇవ్వాలి, చదివాక కవరు మేమే మూసి పోస్టు చేస్తాం అని చేర్చుకున్న రోజే చెప్పింది మేనేజరమ్మ, నవ్వుతూనే చెప్పింది, పెద్దవాళ్ళు ఏదేదో ఊహించుకుని రాస్తారండి, ఇంట్లోవాళ్ళు అనవసరంగా హడలిపోతారు. నిజమే కాబోలనుకున్నాడు చిన్నోడు. కుట్టుపెట్టె తీసేసుకున్నారు, సూదులుంటాయని, అదీ నిజమే అనుకున్నాడు. ఎనిమిది నెలల క్రితం ఆఖరుసారి వెళ్ళినప్పుడు కిటికీకి కొత్తగా ఇనుప వల కొట్టి ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి అక్క పడుకుని ఉంది, జీవితంలో పగలు నడుం వాల్చని మనిషి, నోరు తెరుచుకుని, ఒక చెప్పు కాలికే ఉండగా పడుకుని ఉంది. పక్క మంచం మీద పరుపు చుట్టి పెట్టారు. అందులో ఉండే ఆవిడేదక్కా అంటే, అక్క కళ్ళు తెరిచి ముందు గుమ్మం వైపు చూసింది, గుమ్మంలో మేనేజరమ్మ ఉంది. "బాగున్నాన్రా" అంది అక్క. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. చెవుడొస్తోంది పాపం అనుకున్నాడు, ఎంత తెలివి. బయటికొస్తుంటే మేనేజరమ్మ పక్కకి పిలిచి, మీరొచ్చి వెళ్ళాక ఆవిడ రెండ్రోజులు మనిషి కారండీ, కొన్నాళ్ళు రాకుండా ఉంటే కుదురుకుంటారు అంది. రాకుండా ఉన్నాడు. అలా చెప్పినందుకు లోపల్లోపల తేలిగ్గా కూడా అనిపించింది, పోను అయిదు గంటలు, రాను అయిదు గంటలు, ఆదివారమంతా పోయేది, స్టాంపులు ముట్టుకోవడానికి మళ్ళీ వారం ఆగాలి. ఈ సోమవారం ఫోన్ చేస్తే పడుకున్నారండి అన్నారు. నిన్న చేస్తే పడుకున్నారండి అన్నారు. సరే లేవగానే చెప్పండి అని పెట్టేశాడు.

అక్కని ఎందుకు పంపావురా అని ఎవరైనా అడిగితే పొయ్యి కట్టేయడం మర్చిపోతోందండి, నేను షాపులో ఉంటాను, ఒక్కర్తే ఉంటే ప్రమాదం అని చెబుతాడు, చుట్టాలకీ అదే చెప్పాడు, షాపు యజమానికీ అదే చెప్పాడు, చెప్పీ చెప్పీ తనూ నమ్మేశాడు. పొయ్యి ఒక్కసారి మర్చిపోయిన మాట నిజం. కానీ అసలు సంగతి పొయ్యి కాదు. స్నానాల గది కుళాయి కట్టేయడం మర్చిపోయింది ఒకరోజు, నీళ్ళు వసారా దాటి అతని గదిలోకి వచ్చాయి, కింది అరలో ఉన్న మూడు ఆల్బములు నానిపోయాయి. గ్రహాలు దాటిన జంట ఉన్న పేజీ ముద్దయిపోయింది. అక్క నేల మీద కూర్చుని చీరకొంగుతో ఒక్కొక్క స్టాంపూ అద్దుతుంటే, వణికే చేతికి అవి చిరిగిపోతుంటే, ముట్టుకోకు అని అరిచాడు. జన్మలో అక్క మీద అరిచింది ఆ ఒక్కసారే. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. పదిహేను రోజులు తిరక్కుండానే వృద్ధాశ్రమం చూశాడు. ఇంట్లో ఆవిడ గదికి ఉత్తరం వైపు కిటికీ ఉంది, నీడ పడని వెలుతురు, స్టాంపులు చూడటానికి అంతకంటే మంచి వెలుతురు లేదు, ఇప్పుడు బల్ల అక్కడే వేసుకున్నాడు, పింగాణీ గిన్నె అక్కడే పెట్టుకున్నాడు, ఆవిడ రాసిన ఆరు మాటల్నీ ఆవిడ గదిలోనే కూర్చుని కరిగించాడు. అయ్యో. ఈ మాట ఎవరికి చెప్పుకుంటాడు, చెప్పుకుంటే ఎవరు మొహం చూస్తారు.

"ఏమైందండీ, కంట్లో మంటగా ఉందా" అన్నాడు డ్రైవరు.

చెంపలు తడిగా ఉన్నాయని అప్పుడు తెలిసింది. "మందు కారుతోందండి" అన్నాడు చిన్నోడు.

పోయిన నెల ఉత్తరం రాశాడు. అది ఇంకా ఘోరం, అది గుర్తొచ్చేసరికి కుర్చీలో కూర్చోలేకపోయాడు. అక్కా, నువ్వు పంపే ప్రతిదానికీ నీలం కారుతోంది, గిన్నెడు నీళ్ళూ నీలంగా అయిపోతున్నాయి, నా ఓపిక అయిపోయింది, పంపితే కాస్త మంచివి చూసి పంపు, లేకపోతే మానెయ్. అంతే రాశాడు, ఇంకో రెండు ముక్కలు ఆరోగ్యం జాగ్రత్త అని. ఆవిడ ఏమనుకుని ఉంటుంది. తమ్ముడికి సిరా కనబడింది, కనబడిందంటే చదివాడు, ఆరూ చదివాడు, చదివి రాలేదు. అలా కాక ఇంకెలా అనుకుంటుంది, స్టాంపు ఊడదీసేవాడికి కింద రాసింది కనబడకుండా పోతుందని ఎవరనుకుంటారు, ఆవిడ ఆవిరితో ఊడదీసిన మనిషి, ఆవిరికి అక్షరం పోదు. నీళ్ళలో ముంచుతారని ఆవిడకి తెలుసా, తెలుసు, రోజూ చూసేది, కానీ తను రాసింది ఒకటుందని ఎదురుచూసే తమ్ముడు దాన్ని ముంచడని అనుకుని ఉంటుంది. అందుకే ఈసారి సిరా వాడలేదు. సిరా కారుతోందని కదా ఫిర్యాదు, అయితే సూదితో గుచ్చి పంపింది, ఎంత సోదా చేసినా ఏ అంచు మడతలోనో ఒక సూది దాచుకునే ఉంటుంది మా అక్క.

కళ్ళు తెరిచాడు. గదంతా తెల్లటి వెలుగు ముద్ద, అందులో మనుషులు బూడిదరంగు మూటల్లా ఉన్నారు. కవరు మొహం దగ్గర పెట్టుకుంటే కవరే కనబడలేదు. దూరం పెట్టాడు, కిటికీ వైపు ఎత్తాడు, కవరు అటువైపు దాకా దిగిన చిల్లుల్లోంచి వెలుగు వచ్చింది గానీ ఒక్కో చిల్లూ ఉబ్బిపోయి పక్కదాంతో కలిసిపోయింది, అంతా కలిపి ఒకటే మెరుపు. "కాస్త ఇది చదివి పెడతారా" అని డ్రైవరు ముందు పెట్టాడు. డ్రైవరు పాపం అటూ ఇటూ తిప్పాడు. "నాకు నా చెయ్యే కనబడట్లేదండీ." ఎదుటి వరస వైపు తిరిగి గట్టిగా అడిగాడు చిన్నోడు, "ఎవరికైనా కనబడుతోందా అండీ, చిన్న ముక్క, ఒక్క ముక్క చదవాలి." పదకొండుమంది ఉన్నారా గదిలో, పదకొండుమందికీ చుక్కలు పడ్డాయి, ఒక్కరికీ అక్షరం ఆనదు. నర్సు లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. వేలితోనే తడిమి చదువుదామని చూశాడు, మొదటి అక్షరం సున్నాలా ఉంది, తలకట్టు ఉందా లేదా తెలియడం లేదు, మళ్ళీ మొదట్నుంచి తడిమాడు.

అప్పుడు తన పని గుర్తొచ్చింది. అదృష్టమనాలో ఏమనాలో, అతను అద్దాలవాడు. కంటిపాప విచ్చుకుపోయి చూపు చెదిరితే, దానికి అడ్డంగా సూదిబెజ్జమంత చిల్లు పెట్టి చూస్తే చాలు, చెదిరిందంతా ఒకచోటికి వస్తుంది, షాపుకొచ్చేవాళ్ళ చూపుని చిల్లున్న నల్ల రేకు అడ్డం పెట్టి రోజుకి పదిసార్లు పరీక్షిస్తాడు. ఎన్ని విడతలు మందు వేశారో తెలియాలని నర్సు చొక్కాకి అట్టముక్క చీటీ ఒకటి పిన్నుతో గుచ్చింది. లాగేశాడు, చొక్కా చిరిగినా చూసుకోలేదు, పిన్ను విప్పి అట్టముక్క నడుమ ఒక్కపోటు పొడిచాడు. "దీన్ని కిటికీకి ఆనించి పట్టుకోండి" అని కవరు డ్రైవరు చేతిలో పెట్టాడు. ఆయన ఎందుకూ ఏమిటీ అనలేదు, లేచి తడుముకుంటూ వెళ్ళి, గాజుకి ఆనించి రెండు చేతులతో పట్టుకున్నాడు. చిన్నోడు మంచి కంటికి అట్టముక్క ఆనించుకుని మొహం దగ్గరికి తీసుకుపోయాడు. ముందు చీకటి, తర్వాత తన సొంత కనురెప్ప వెంట్రుకలు, తర్వాత, చిన్న గుండ్రటి వెలుగులో, పొడవాటి కర్రలకి రెక్కలు తగిలించినట్టున్న నౌక, దాని నడుం మీద నక్షత్రాలు. నక్షత్రాలు కావు, చిల్లులు. ఒక్కో అక్షరం అట్టచిల్లులోకి వచ్చి పోతోంది, అక్షరం చూడాలంటే తల జరపాలి, జరిపితే ముందుది మరుగైపోతోంది, కూడబలుక్కుని చదివే ఒకటో తరగతి పిల్లాడిలా పెదాలు కదుపుతూ చదివాడు.

స. ర కి ఏత్వం. రే. సరే.

తర్వాత ఒక చుక్క పెట్టింది, ఆగి. చదువు చెప్పిన మనిషి కదా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది. ఆ తర్వాత కింది వరసలో, అక్కడక్కడా కాగితం చిరిగేంత గట్టిగా, ఇంక అడగను.

మళ్ళీ మొదట్నుంచి చదివాడు. సరే. ఇంక అడగను. స్టాంపు నాలుగు అంచులూ వెతికాడు, పైన, కింద, నౌక రెక్కల మీద, తపాలా ముద్ర వంకర గీతల కింద, ఇంకేమైనా ఉందేమోనని, ఏం అడిగిందో దాని ముక్క ఎక్కడైనా మిగిలిందేమోనని. ఇంకేం లేదు. ఆరుసార్లు అడిగింది, అది ఆకలా, జ్వరమా, కొట్టారా, తీసుకుపో అనా, ఇంకేదైనా ఆడమనిషి తమ్ముడికి పైకి చెప్పుకోలేనిదా, అది చదివినది ఆ సింకు గొట్టం ఒక్కటే.

"దొరికిందాండీ? ఏమన్నారు" అన్నాడు డ్రైవరు, చేతులు ఇంకా గాజుకి ఆనించే ఉంచి.

"సరే అందండి."

"మా అక్కే. సరే అంది" అని మళ్ళీ చెప్పాడు చిన్నోడు, ఆయన వినలేదేమోనని.

"సరే అన్నారంటే మంచి కబురేగా" అన్నాడు డ్రైవరు సంతోషంగా, కవరు జాగ్రత్తగా అతని చేతికిస్తూ.

లోపలి తలుపు తెరుచుకుంది. నర్సు అతని నంబరు పిలిచింది, ఇంకోసారి పిలిచింది, ఇదిగో ఇటండీ, డాక్టరుగారు చూస్తున్నారు అంది. చిన్నోడు అటు వెళ్ళలేదు. గోడ పట్టుకుని మెట్లు వెతుక్కున్నాడు, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగాడు, వెనక నర్సు, ఎండలోకి వెళ్ళకండి, ఏమండీ, కళ్ళు పోతాయండీ అంటోంది. వీధిలోకి రాగానే వెలుగు మొహాన కొట్టింది, వాహనాలూ మనుషులూ దుకాణాలూ ఏవీ లేవు, అంతా ఒకటే తెలుపు. ఆగిన ప్రతి బస్సు దగ్గరికీ చేతులు చాపుకుంటూ వెళ్ళి అక్క ఉన్న ఊరి పేరు చెప్పి, అక్కడికేనా అండీ, అక్కడికేనా అని అడిగాడు. నాలుగోది అక్కడికేనట, ఎవరో జబ్బ పట్టుకుని ఎక్కించారు. అయిదు గంటలు పడుతుంది. వెళ్ళి గుమ్మంలో నిలబడి, ఏం అడిగావక్కా అని తనే అడగాలి, ఇంక అడగనన్న మనిషిని తనే అడగాలి, ఆవిడ లేచి కూర్చుని, తమ్ముణ్ణి గుర్తుపట్టి, చెప్పేలా ఉంటే. బస్సు కదిలింది. పడుకున్నారండి అని ఫోన్లో చెప్పిన గొంతు రెండుసార్లూ ఒకేలా ఉందని, ఏ కంగారూ లేకుండా, ఎవర్నో పిలిచి కనుక్కోకుండానే వెంటనే చెప్పిందని అప్పుడు తట్టింది చిన్నోడికి.